కత్తి పట్టిన రాణికి మొగుణ్ణి కుదర్చడం ఎలా?

సంబంధాలు కుదర్చడంలో నాకు ముప్పై ఏళ్ల అనుభవం. ముంబైలో కామాఠీపుర గల్లీల నుంచి వర్లీ బీడీడీ చాళ్ల దాకా పెళ్లీడు పిల్ల ఉన్న తెలుగు ఖోలీ ఏది, ఏ పిల్లగాడు ఏ గ్యాలరీలో నిలబడి పళ్లు తోముకుంటాడు, వాడి జీతమెంత, వాడు చెప్పే జీతమెంత, అన్నీ నాకు నోటికి వచ్చు. కుదిర్చినవాటిలో నిలిచినవెన్ని అని లెక్కలు అడిగేవాళ్లు కొందరుంటారు. ఈ వ్యాసం వాళ్ల కోసం కాదు.

ఈ మధ్య నాకు కొత్త రకం బేరం తగిలింది. మా అక్క కూతురు నవల రాస్తోంది. పొద్దున లోకల్ రైల్లో నిలబడి ఫోన్‌లోనే టైపు చేస్తుంది. నేను జానపద నవల అంటాను, ఆమె ఫాంటసీ అంటుంది. కోట, మాంత్రికుడు, మాట్లాడే మొసలి ఉన్నాక పేరేదైతేనేం! అందులో కథానాయిక రాణి. కత్తి తిప్పుతుంది, తాడు లేకుండా కోటగోడ ఎక్కుతుంది, మాంత్రికుడి గడ్డం పట్టి నేలకు వంచుతుంది. అంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా జోడీ దగ్గర వచ్చింది. అంతటి పిల్లకు ఎట్లాంటి పిల్లగాణ్ణి తేవాలో తెలియక మూడు నెలలుగా కథ ఆగిపోయిందట. మూడు నెలలు! ఈ మామ ఇదే ఊళ్లో ఉండగా!

నేను తెచ్చిన పదకొండు సంబంధాలను కాలదన్నిన పిల్ల ఆమె. అది మనసులో పెట్టుకోలేదు. నిజం పిల్లకైనా కాగితం మీది పిల్లకైనా సంబంధం సంబంధమే కదా, కొలతలు మారవు కదా అని నాకు తెలిసిందంతా చెప్పాను. ఆమె వినలేదు. మీరైనా వింటారని రాస్తున్నాను.

మొదట ఎత్తు చూడాలి. అబ్బాయి అమ్మాయి కన్నా నాలుగు వేళ్లు పైన ఉండాలి. ఆమె పదిమందిని నరికితే వాడు ఇరవై మందిని నరకాలి. ఆమె గుర్రమెక్కితే వాడు ఏనుగెక్కాలి. ఆమెకు విషాల సంగతి తెలిస్తే వాడికి విరుగుళ్ల సంగతి తెలియాలి. "గట్లయితే రాణి ఎందుకు మామా, వాని మీదనే రాస్తే అయిపాయె కదా" అంది మేనకోడలు. నేను చెప్పేది అదే! పిల్ల ఎంత బలమైనదైతే ఆమెను లొంగదీసేవాడు అంత మొనగాడని చదివేవాళ్లకు తెలుస్తుంది. బాట్లు బరువుగా ఉంటేనే కదా సరుకు ఎంతుందో తెలిసేది.

దీనికి నా దగ్గర పక్కా నమూనా ఉంది. 2015 జులైలో వచ్చిన 'బాహుబలి'లో అవంతిక. అడవిలో తిరుగుబాటుదారుల్లో ఒకతె. మాహిష్మతిలో గొలుసులతో బంధించిన దేవసేనను విడిపించే పనికి ఎదురుచూసి ఎదురుచూసి చివరకు ఆ పని తన వంతుకు తెచ్చుకుంది. సరిగ్గా అప్పుడు మనవాడు జలపాతం ఎక్కి వచ్చాడు. ఆమె కత్తి దూస్తుంటే కొప్పు విప్పాడు, కట్టుబట్ట తీరు మార్చాడు, పెదాలకు రంగు పూశాడు. ఆమె కరిగిపోయింది. ఆ తరువాత దేవసేనను విడిపించడానికి వెళ్లింది ఎవరు? వాడే. ఆ సీను మీద అప్పట్లో పత్రికల్లో పెద్ద రభస జరిగింది. రభస చేసినవాళ్లకు సంబంధాల సంగతి తెలియదు. 2017లో రెండో భాగం చూడటానికి కొత్త కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లాను. అవంతికను కనిపెట్టేలోపే సినిమా అయిపోయింది. పెళ్లి కుదిరాక పిల్ల ఇంట్లోంచి బయట కనపడకపోతే మా వృత్తిలో దాన్ని మంచి సంబంధం అంటారు.

అదే సినిమాలో దేవసేన పక్కన పెట్టిన పిల్లగాడున్నాడే, అమరేంద్ర బాహుబలి, అట్లాంటివాణ్ణి మాత్రం పొరపాటున కూడా రాయకండి. మొదట అమాయకుడిలా నటిస్తూ ఆమె ఇంట తిరిగాడు. ఆమె బాణం వేస్తుంటే పక్కన నిలబడి మూడు బాణాలు ఒక్కసారి ఎట్లా వేయాలో చూపించాడు, విల్లు మాత్రం లాక్కోలేదు. నిండు సభలో ఆమె తన మాట తాను చెబుతుంటే అడ్డం రాకుండా ఆమె వైపు నిలబడ్డాడు. ఫలితం? సింహాసనం పోయింది, కోట పోయింది, చివరకు ప్రాణం కూడా పోయింది. ఈ సంబంధం నా చేతికి వచ్చి ఉంటే లగ్నపత్రిక దాకా పోనిచ్చేవాణ్ణి కాదు. సరే, రాయక తప్పదంటే ఇంటర్వెల్ దాటాక చంపేయండి. చచ్చిపోయిన మంచి మొగుడితో ఎవరికీ ఇబ్బంది లేదు. ఆమె ఇరవై ఐదేళ్లు పుల్లలు ఏరుకుంటూ కూర్చుంటుంది, కథ నడుస్తుంది.

చంపడానికి చేతులు రానివాళ్లకు ఇంకో ఉపాయం చెబుతాను. రాయిని చేయండి.

ఇది నా సొంత తెలివి కాదు. మా అవ్వ చెప్పిన కథలో ఉంది. చిన్నప్పుడు మా ఖోలీలో, పది అడుగులకు పన్నెండు అడుగుల జాగాలో, అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ బాలనాగమ్మ కథ చెప్పేది. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, మళ్లీ ఆకు. ఆ చేతుల వేగానికే కథ నడిచేది. మాయల ఫకీరు వచ్చి పతివ్రతను కుక్కను చేసి ఎత్తుకుపోతాడు. మొగుడు కార్యవర్ధి రాజు సైన్యంతో సహా బయలుదేరి వెళితే ఫకీరు అందరినీ రాళ్లు చేస్తాడు. ఈ కథను 1942లో జెమినీ వాళ్లు కాంచనమాలతో సినిమాగా తీశారు. కానీ నా బాలనాగమ్మకు మా అవ్వ ముఖమే ఉంటుంది, ముందరి పన్ను లేకుండా.

ఆ మొగుడి పాత్రను గమనించండి. ఏళ్ల తరబడి రాయిలా పడి ఉన్నాడు. అలగలేదు, అనుమానించలేదు, కూరలో ఉప్పు తక్కువైందనలేదు. బలమైన పిల్లకు ఇంతకంటే అనువైన జోడీ ఉంటుందా? నోము పట్టానని చెప్పి ఫకీరును ఆమె దగ్గరికి రానివ్వలేదు. వాడి ప్రాణం చిలుకలో ఉందన్న గుట్టు కూడా ఆమే లాగింది. అంటే పనంతా ఆమె చేసుకుంది. పేరు మాత్రం, కొడుకు వచ్చి రక్షించాడని కొడుక్కి పోయింది. ఎంత చక్కటి ఏర్పాటు!

మా అవ్వ మాత్రం రాయి దగ్గరకు వచ్చినప్పుడల్లా చేతులాపేది. "ఎండకెండింది, వానకు తడిసింది బిడ్డా ఆ రాయి. ఆడనే ఉన్నది. ఎటూ పోలే" అనేది. ఎందుకు ఆపేదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పని ఆగితే ఆ రోజు కట్టలు తక్కువయ్యేవి కూడాను.

గుణగణాల విషయానికి వస్తే నా ఓటు కోపిష్టికి. కోపమే ప్రేమ అని రాయాలి. వాడు ఎంత గట్టిగా అరిస్తే అంత గాఢంగా ప్రేమిస్తున్నట్టు. ఒగ్గు కథలో ఎల్లమ్మకు దొరికిన సంబంధం చూడండి. వరుడు జమదగ్ని. ఋషి, సొంత ఆశ్రమం, ఆస్తి తగాదాలు లేవు, తాగుడు లేదు, పేకాట లేదు. బయోడేటా అంటే అదీ. ఆమె రోజూ ఇసుకతో కుండ చేసి అందులో ఏటి నీళ్లు తెచ్చేది. ఆలోచించండి, ఇసుక కుండలో నీళ్లు! ఒకరోజు నీళ్లలో ఎవరో గంధర్వుణ్ణి చూసి ఆమె మనసు క్షణం చెదిరింది, కుండ నిలవలేదు. అంతే, తల తీయించాడు. తన చేత్తో కూడా కాదు, కొడుకు చేత. అంత పట్టింపు గల మనిషి.

లోకం తీరు మాత్రం విచిత్రం. ఎల్లమ్మకు గుళ్లున్నాయి, బోనాలున్నాయి, డప్పులున్నాయి. జమదగ్నికి బోనం ఎత్తిన ఆడమనిషిని మా గల్లీలో గానీ ఊళ్లో గానీ నేను ఒక్కతెనూ చూడలేదు. నావంటి వాళ్లు కాకపోతే ఆయన తరఫున మాట్లాడేదెవరు?

పొగరు అణచడం గురించి వేరే చెప్పక్కర్లేదు. 1989లో 'అత్తకు యముడు అమ్మాయికి మొగుడు' అని పేరే పెట్టి సినిమా తీశారు. ఉద్యోగం, బాధ్యతలు రెండూ పేరులోనే ఉన్నాయి. ఫాంటసీలో అయితే యముణ్ణి నిజంగానే తేవచ్చు, ఖర్చు లేదు.

పాత కావ్యాలను నమూనాగా పెట్టుకోమని చెప్పేవాళ్లను దూరం పెట్టండి. వాటిలో క్రమశిక్షణ లేదు. పోతన భాగవతంలో నరకుడి మీదికి యుద్ధానికి పోతూ కృష్ణుడు సత్యభామను వెంటబెట్టుకు పోయాడు. పోయినవాడు ఊరుకున్నాడా? ఆమె విల్లు పట్టి రాక్షస సేనను చెదరగొడుతుంటే పక్కనుండి మురిసిపోయాడు. ఆమె ఇటు తిరిగితే మొగుడికి ఒక ముఖం, అటు తిరిగితే శత్రువుకు ఇంకో ముఖం! చివరకు చక్రం వేసి నరకుణ్ణి చంపింది కృష్ణుడేనని నా వాదన. కానీ ఏ దీపావళికైనా మా చాళ్‌లో పిల్లనో పిల్లగాణ్ణో అడిగి చూడండి, సత్యభామ చంపిందనే చెబుతారు. కొంచెం చోటిస్తే జరిగేది ఇదే. జైమిని భారతంలో ప్రమీల మరీ అన్యాయం. ఆడవాళ్ల రాజ్యం, అశ్వమేధం గుర్రాన్ని కట్టేసింది, అర్జునుడంతటివాడు యుద్ధంలో పైచేయి సాధించలేక ఆకాశవాణి మాట విని పెళ్లి చేసుకున్నాడు. గుర్రం కోసం వెళ్లి పెళ్లాన్ని తెచ్చుకున్నాడు. మధ్యవర్తిగా ఆకాశవాణికి ఏం ముట్టిందో తెలియదు గానీ, నేనైతే ఇట్లాంటి సంబంధానికి కమిషన్ అడగడానికి సిగ్గుపడతాను.

మన పాత సినిమాల్లో అందరికంటే బలమైన ఆడది ఎవరంటే నేను 'మాయాబజార్' మాయా శశిరేఖ అంటాను. 1957 నాటి సినిమా. పైన సావిత్రి, లోపల ఘటోత్కచుడు. ఆమెకు వచ్చిన వరుడు లక్ష్మణ కుమారుడు. పెళ్లి పీటల మీద పాపం వాడు పడ్డ పాట్లు చూసి జనం డెబ్బై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. నాకు నవ్వు రాదు. వాడి వైపు నుంచి ఆలోచించిన మధ్యవర్తి ఒక్కడైనా ఉంటే!

ఇక అడ్రసు. పిల్లగాడు ఎక్కడివాడు, ఏం పని చేస్తాడు అన్నది కథలో ఎంత దాచితే అంత మంచిది. ఇది కామాఠీపురవాడిగా చెబుతున్న మాట. మా పేటలో మేస్త్రీలున్నారు, బీడీల పనివాళ్లున్నారు, బడిపంతుళ్లున్నారు, తరతరాల కుటుంబాలున్నాయి. అయినా పక్క గల్లీల్లోని వేశ్యల ఇళ్ల వల్ల, ఊళ్లో మా పేట పేరు చెప్పగానే అవతలివాళ్ల ముఖం మారుతుంది. అందుకే సంబంధం మాట్లాడేటప్పుడు "ముంబై సెంట్రల్ దగ్గర" అంటాం. మరీ గుచ్చి అడిగితే "నాగ్‌పాడా" అంటాం. ఇంకా అడిగితే పిన్‌కోడ్ చెబుతాం, 400008. గల్లీ నంబరు మాత్రం పుస్తె కట్టాక. 2022లో 'గంగూబాయి కాఠియావాడీ' విడుదలయ్యే ముందు మా పేటవాళ్లు హైకోర్టు దాకా వెళ్లింది ఈ పేరు బాధతోనే. అక్కడ కొట్టేశారు.

కోర్టు సంగతి అటుంచి ఆ సినిమాలో జోడీని చూడండి. అఫ్సాన్ అని ఒక దర్జీ. మెత్తటివాడు, కళ్లెత్తి మాట్లాడడు. ఆ ఇళ్లను ఏలిన గంగూబాయి అంతటి ఆడమనిషికి దర్జీనా? పైగా ఆమె ఏం చేసింది! ఇష్టపడ్డవాణ్ణి తీసుకెళ్లి, ఆ ఇళ్లలోనే పెరిగిన ఇంకో పిల్లకు బతుకు దొరుకుతుందని, ఆ పిల్లకిచ్చి కట్టబెట్టింది. నా వృత్తిలోకి చొరబడింది. కమిషన్ లేకుండా.

మా పేటకు దగ్గర్లోనే, క్లేర్ రోడ్డులో, సాదత్ హసన్ మంటో కాపురమున్నాడు. ఆయన రాసిన 'హతక్' కథలో సౌగంధి ఇట్లాగే వృత్తిలో ఉన్న ఆడది. మాధో అని పూణె నుంచి వస్తుంటాడు, హవల్దారు. ఈ పని మానెయ్, నెలనెలా ఖర్చులకు నేనిస్తా అంటాడు, ఒక్క పైసా ఇవ్వడు, ఆమె దగ్గరే పట్టుకుపోతాడు. ఒకనాటి రాత్రి ఆమె వాణ్ణి బయటికి తరిమి, గజ్జి కుక్కను పక్కలో పెట్టుకుని పడుకుంటుంది. నేనుంటే రాజీ చేసేవాణ్ణి. ప్రభుత్వ ఉద్యోగం! కుక్కకు పింఛను వస్తుందా?

ఇవన్నీ ఓపికగా చెప్పాను. మేనకోడలు తలూపింది. వారం తిరిగేసరికి కథానాయకుణ్ణి పట్టుకొచ్చింది.

నీళ్లు మోసేవాడు.

అబద్ధం కాదు. రాణిగారి కోటలో బావి నుంచి బురుజుల దాకా కావడి మోసే పనివాడు. మాంత్రికుడు ఏటిని కట్టేసి రాజ్యాన్ని ఎండగడుతుంటాడు కాబట్టి కోటలో నీళ్లకు కరువు. వీడు చీకట్లో లేచి ఎవరి గుమ్మం ముందు ఎన్ని కుండలుండాలో అన్ని పెట్టిపోతాడు. రాణి యుద్ధం నుంచి వస్తే ఏమీ అడగడు. కాళ్లు కడుక్కోవడానికి చెంబు పెడతాడు. ఒకచోట ఆమె భుజానికి దెబ్బ తగులుతుంది. వాడు "రేపు నువ్వు ఎడమ దిక్కు చూసుకో. కుడి దిక్కు నేనుంట" అంటాడు. ప్రేమ డైలాగంటే అదొక్కటే. నేను చూసుకుంటాను, నువ్వు పక్కకు తప్పుకో అనాలి కదా! సగం యుద్ధం ఆమెకే వదిలేశాడు. పైగా వాడి ఎడమ చేతి బొటనవేలు సగమే ఉంటుందట. అంగలోపం ఉన్న సంబంధాన్ని నేను బేరానికే పెట్టను.

మా బావకు కూడా ఎడమ చేతి బొటనవేలు సగమే. యాదృచ్ఛికం అయి ఉంటుంది. కరీంనగర్ వైపు నుంచి వచ్చి వర్లీలో ఒక మిల్లులో సాంచెలు నడిపేవాడు, అక్కడ పోయింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ సమ్మె మొదలుపెట్టినప్పుడు రెండున్నర లక్షల మందితో పాటు ఈయనా బయటికొచ్చాడు. మళ్లీ లోపలికి పోయింది లేదు. బీడీడీ చాళ్‌లో నూట అరవై చదరపు అడుగుల ఖోలీ, పని లేని మొగుడు. మా అక్క ఖానావళి పెట్టింది. పొయ్యి ముందు కూర్చుని పూటకు ముప్పై మందికి వండేది. అప్పటికే ఆ మిల్లుల పేటలో ఖానావళులు నడిపే ఆడవాళ్లు ప్రేమా పురవ్ వెంట కూడి, 1975లో అన్నపూర్ణా మహిళా మండల్ పెట్టుకుని, బ్యాంకు అప్పులు తెచ్చుకుంటున్నారు. ఆడవాళ్ల ధైర్యానికేం, అది ఎప్పుడూ ఉంది. నేను బాధపడింది బావను చూసి. మిల్లులో సాంచె నడిపిన మనిషి తెల్లవారుజామున హండాలు మోసేవాడు, గిన్నెలు తోమేవాడు, జొన్నరొట్టె కొట్టడం కూడా నేర్చుకున్నాడు. నేను పోయినప్పుడు మోరీ దగ్గర గొంతుకూచుని కనిపించేవాడు. బంధువులను తీసుకుపోవాలంటే తల కొట్టేసినట్టుండేది. నీకేమన్నా సిగ్గుగా ఉందా బావా అని ఒకసారి అడిగేశాను. "నీళ్లు బరువుంటయి బామ్మర్దీ, సిగ్గుకు చేతులు ఖాళీ ఉండవు" అని నవ్వాడు. ఆ మిల్లుల చోట ఇప్పుడు మాల్సు. బావ పోయి ఆరేళ్లయింది. మా అక్క ఇప్పటికీ ఆయన హండాను ఇంకొకరిని ముట్టుకోనివ్వదు. ఇత్తడి ధర బాగా పెరిగింది కదా, అందుకే అయి ఉంటుంది.

ఆ పనివాణ్ణి మార్చమని ఎంతో నచ్చజెప్పాను. కనీసం చివరి అధ్యాయంలో వాడు మారువేషంలో ఉన్న యువరాజని తేల్చమన్నాను. భుజం మీద పుట్టుమచ్చ పెడితే చాలు, పాఠకులు ఊపిరి పీల్చుకుంటారు. 'పాతాళ భైరవి'లో తోట రాముడు మాలి కొడుకే, కాదనను. కానీ వాడు నేపాళ మాంత్రికుణ్ణే జయించి సొంత మేడ తెచ్చుకున్నాడు, అప్పుడు పెళ్లి. పనివాడు పనివాడిగానే మిగిలిపోతే కథకు గౌరవమెక్కడిది?

"మనది మోసే జాతి బిడ్డా" అన్నాను చివరకు, గొంతు తగ్గించి. నిజమే కదా. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, హార్న్‌బీ వెల్లార్డ్ కట్టి వర్లీ దగ్గర సముద్రాన్ని ఆపాక, ఇక్కడి పల్లపు నేల ఆరి మనుషులుండటానికి పనికొచ్చింది. నిజాం ఇలాకా నుంచి వచ్చిన మనవాళ్లు, కామాఠీలు, ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. మట్టి మోశారు, రాళ్లు మోశారు, సున్నం కలిపారు. ఈ ఊరు కట్టింది ఆ తట్టలతోనే. రెండు వందల ఏళ్లు మోసింది చాలదా, కథలో కూడా మోసేవాడేనా?

ఆమె దగ్గర దానికీ జవాబుంది. "మామా, మన చుట్టూ రోడ్లున్నయి చూడు. గ్రాంట్ రోడ్డు గవర్నరు పేరు, ఫాక్‌లాండ్ రోడ్డు గవర్నరు పేరు, బెల్లాసిస్ రోడ్డు సైన్యం దొర పేరు. అన్నిటి పేర్లు మార్చిండ్రు. ఫాక్‌లాండ్ రోడ్డు ఇప్పుడు పఠ్ఠే బాపూరావు మార్గ్. తట్టలు మోసినోళ్ల పేరు మాత్రం అట్లనే ఉన్నది."

ఇట్లా ఎదురు మాట్లాడుతుంది కాబట్టే పదకొండు సంబంధాలు తప్పిపోయాయి.

పోయిన ఆదివారం మా గ్యాలరీలో ఆ నవల చదివి వినిపించింది. నేను రమ్మనలేదు, మా ఆమె రమ్మంది. మధ్యాహ్నం గిన్నెలు అయ్యాక ఎనిమిది మంది ఆడవాళ్లు గోడకానుకుని కూర్చున్నారు. పెద్దావిడ ఒకామె, నడుం వంగినామె, నిలబడలేక బకెట్ బోర్లించుకుని కూర్చుంది. కోటగోడ ఎక్కిన ఘట్టానికి పెద్దగా కదలిక లేదు. మాంత్రికుడి గడ్డం పట్టినప్పుడు నవ్వారు. నీళ్లవాడు చీకట్లో లేచి కుండలు పెట్టే చోటికి వచ్చేసరికి ఎవరూ మాట్లాడలేదు. ఒకామె "మళ్ల చదువు బిడ్డా" అంది. రెండోసారి చదివింది. నేను తలుపు దగ్గర నిలబడి, యుద్ధం దగ్గర ఇంకొంచెం రక్తం పెట్టాలమ్మా అన్నాను. ఎవరూ అటు తిరగలేదు.

రెండో అంతస్తులో ఒక పిల్లగాడున్నాడు, టాక్సీ నడుపుతాడు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకోకుండా, నల్లా వచ్చే వేళకు పెళ్లానికీ, ఆ నడుం వంగిన పెద్దావిడకూ హండాలు నింపి మెట్లెక్కించి మరీ పడుకుంటాడు. సన్నగా ఉంటాడు, ఎత్తు తక్కువ, డైలాగులు రావు. వాడి పెళ్లాం ఆ ఎనిమిది మందిలో కూర్చుని ఉంది. మిగతావాళ్లంతా ఆమె వైపు చూశారు. ఆమె తల వంచుకుని కొంగుతో ముక్కు తుడుచుకుంది. జలుబు అనుకుంటాను.

అందరూ లేచిపోయాక మా ఆమె నా మేనకోడలిని పక్కకు పిలిచి అడిగింది: "ఆ నీళ్ల పిలగాడు మంచిగున్నడు. ఎవలోళ్ల పిలగాడు? ఏ గల్లీ?"

ముప్పై ఏళ్లుగా సంబంధాలు కుదురుస్తున్న మనిషి ఇంట్లో ఉండగా, ఆమె కథలో పిల్లగాడికి గల్లీ అడుగుతోంది! నేను తెచ్చిన ఏ సంబంధం గురించీ ఈ మాట ఆమె నోట రాలేదు. మా సంబంధం గురించి కూడా.

సరే, పాఠకులకు నా మనవి. నవల రాస్తూ ఎక్కడైనా చిక్కుకుంటే, కత్తి పట్టిన పిల్లకు తగిన జోడీ దొరకకపోతే, మొహమాటపడకుండా నా దగ్గరికి రండి. కాగితం మీది సంబంధాలకు ఫీజు సగమే. సాయంత్రం నాలుగు దాటాక ఎప్పుడైనా ఉంటాను. తెల్లవారుజామున నాలుగింటికి మాత్రం రాకండి. ఆ వేళకు నల్లా వస్తుంది, మా ఆమె కింద వరసలో ఉంటుంది, నేను పడుకుని ఉంటాను. మీరు ఎంత కొట్టినా తలుపు తీసేవాళ్లుండరు.